ముందు వేడినీళ్లు

జగపతిరావు ఇంట్లో మొదటి షవరు పేరుకే షవరు. దాని కింద నిలబడితే తల తడిసేసరికి భుజాలు ఆరిపోయేవి. అయినా ఎనభై నాలుగులో నిర్మల్‌లోని ఆ వీధిలో షవరున్న ఇల్లు అదొక్కటే కాబట్టి, చెంబుతో పోసుకునే లోకాన్నంతా చిన్నచూపు చూస్తూ ఆయన పదేళ్లు దాని కిందే నిలబడ్డాడు.

చిన్నచూపు చూడడంలో ఆయనకు అలుపు లేదు. హైదరాబాదు పోయి బీఎస్సీ చదివి వచ్చినవాడు. సొంత ఊరిని కూడా వెక్కిరించకుండా వదిలేవాడు కాదు. తినడానికి పనికిరాని మామిడిపళ్లను కర్రతో చెక్కి, రంగులేసి, దేశమంతా అమ్ముకునే ఊరనేవాడు. ఆ కర్రపళ్లను అద్దాల బీరువాలో పెట్టుకున్నది కూడా ఆయనే, అది వేరే సంగతి.

రెండో షవరు ఆలోచన వియ్యంకుడి వల్ల వచ్చింది. మంథని మధుసూదన్‌రావు ఒకసారి చుట్టపుచూపుగా వచ్చి, ఒంటికి సబ్బు రాసుకున్నాక ధార ఆగిపోతే, తలుపు సందులోంచి చెయ్యి బయటపెట్టి చెంబు అడిగాడు. చెంబు. జగపతిరావు ఇంట్లో. ఆ చెయ్యి ఆయన కళ్లలోంచి పోలేదు. ఇప్పుడు కూతురు జానకి పుట్టింట్లో ఆడపిల్లను కన్నది. ఇరవై ఒకటో రోజున పేరు పెట్టడానికి వియ్యాలవారంతా వస్తున్నారు. ఆ రోజు బాలింతరాలికీ బిడ్డకూ స్నానం కొత్త షవరు కిందే జరగాలనీ, మంథని వాళ్లు దాని ధార చూడాలనీ ఆయన పట్టుబట్టాడు.

పైపుల పని చేసే ఫజలుద్దీన్ వచ్చి ఇల్లంతా తిరిగి చూశాడు. టాంకీ నుంచి దిగే పైపు సన్నదనీ, దారిలో నాలుగు వంపులున్నాయనీ, జోరంతా ఆ వంపుల్లోనే సచ్చిపోతున్నదనీ చెప్పాడు. టాంకీ కింద నిటారుగా, నేల పల్లంగా ఉన్నచోట కొత్త బాత్రూం కడితే ధార వీపు మీద కొట్టినట్టు పడుతుందట. అలాంటి చోటు ఇంట్లో ఒకటే ఉంది. పెరటి మూల. అక్కడ ఒక షాబాదు బండ పరిచి ఉంది.

ఆ బండ గురించి చెప్పాలంటే రుక్మాబాయి గురించి చెప్పాలి. ఆమె జగపతిరావుకు మేనత్త, జానకికి అవ్వ. పదహారేళ్లకు బొట్టు పోగొట్టుకుని పుట్టింటికి వచ్చి, ఆ ఇంట్లో యాభై ఏళ్లు అందరికీ స్నానానికి నీళ్లు తోడింది. ఒక పెద్ద రాగి గంగాళం, పక్కన పొయ్యి. ఆమెకొక పట్టింపు ఉండేది. గంగాళంలో ముందు వేడినీళ్లు పోసి, తర్వాత చన్నీళ్లు కలపాలి. ముందు చన్నీళ్లు పోసి వేడినీళ్లు కలిపేది శవానికట. చివరి పదేళ్లు ఆమెకు కళ్లు కనబడలేదు. అయినా తప్పు జరిగేది కాదు. ఏ నీళ్లు పడుతున్నాయో చప్పుడును బట్టి చెప్పేది. చన్నీళ్లు గంగాళం అడుగున గణగణమంటాయి, వేడినీళ్లు మెత్తగా, బొంగురుగా పడతాయి.

ఏది ముందు పోసినా కలిశాక వేడి ఒకటేనని జగపతిరావు ఆమెకు భౌతికశాస్త్రం చెప్పేవాడు. చెప్పి నవ్వేవాడు. ఆమె ఒకటే మాట అనేది.

"బతికినోళ్లకు ముందు వేడినీళ్లు నాయినా."

పోయినేడు పుష్యమాసంలో ఆమె పోయింది. ఆదిలాబాదు చలి తెలిసినవాళ్లకు తెలుసు, ఆ రోజుల్లో రాగిచెంబు ముట్టుకుంటే వేళ్లు అంటుకుపోతాయి. చివరి స్నానానికి ఆమెను ఆ షాబాదు బండ మీద పడుకోబెట్టారు. భార్య దేవకి పొయ్యి రాజేయబోతే జగపతిరావు వద్దన్నాడు. ఆయనకు పన్నెండింటికి క్లబ్బులో ఏదో మీటింగు ఉంది.

"ఆమెకిప్పుడు సలి తెలుస్తదా?" అన్నాడు.

చన్నీళ్లతోనే కానిచ్చారు. వేడినీళ్లు చుక్క కూడా కలపలేదు. నెల తిరక్కుండా ఆయన ఆ గంగాళాన్ని పాత సామాను కొనేవాడికి ఇచ్చేశాడు.

ఇప్పుడు బాత్రూం అక్కడే కడతామనేసరికి దేవకి, కనీసం ఆ బండన్నా తీసేయించమంది. ఫజలుద్దీన్ కూడా మెల్లగా, "బండ బయట పడేద్దాం దొరా, కొత్తది తెస్త" అన్నాడు. రెండించుల మందం బండ, ఒక్క బీట లేదు, పారేయడానికి మీకేమన్నా పిచ్చా అని జగపతిరావు ఇద్దరినీ కసిరి, దాన్ని సరిగ్గా షవరు కిందే వేయించాడు. గోడకు కరెంటు గీజరు. ఎడమ వైపు చన్నీళ్ల నల్లా, కుడి వైపు వేడినీళ్లది. తాను ముందు చన్నీళ్లే తిప్పుతాననీ, ఏమవుతుందో చూస్తాననీ భార్యకు ముందే చెప్పి పెట్టాడు.

పేరు పెట్టే రోజు వచ్చింది. పొద్దున పది గంటలు, ఎండ బాగానే ఉంది. వియ్యాలవారు వసారాలో టీ తాగుతున్నారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. జగపతిరావు ఖాతరు చేయలేదు. మొదటి స్నానం తనదే కావాలి. తువ్వాలు భుజాన వేసుకుని, మధుసూదన్‌రావు చూస్తుండగా పెరట్లోకి నడిచాడు.

లోపల కొత్త సిమెంటు వాసన. పైన చిన్న కిటికీ, దాంట్లోంచి ఒక పలక వెలుగు. బండ మీద నిలబడి ఎడమ నల్లా తిప్పాడు. ధార దబ్బున పడింది. ఏం జోరు! పళ్లు కటకటలాడే చలి, అయినా ఆయన నవ్వాడు. మంథని వాళ్లు గోదావరి ఒడ్డున ఉండి ఏం లాభం అనుకున్నాడు.

అప్పుడు నీళ్లు వెచ్చబడ్డాయి.

కుడి నల్లా ముట్టుకోలేదు. కరెంటు లేదు. ఎండకు పైపు కాగిందేమో అనుకున్నాడు. కానీ చలికాలం పది గంటల ఎండ... సిమెంటు వాసన పోయింది. కట్టెల పొగ వాసన వస్తున్నది. పొగలో పచ్చి పసుపు.

ధార ఆగింది.

ఒక్క క్షణం. మళ్లీ నడినెత్తి మీద ఒక్కసారిగా పడి, ఆగింది. తర్వాత కుడి భుజం మీద. ఆగింది. ఎడమ భుజం. షవరు నీళ్లు అలా పడవు. ఎవరో ముంచి, పోసి, మళ్లీ ముంచుతున్నట్టు... ఆయన చెయ్యి చాచి నల్లా కట్టేయబోయాడు.

నల్లా కట్టేసే ఉంది.

పాదాల దగ్గర ఏదో కదిలింది. రెండు కాళ్ల బొటనవేళ్లను ఎవరో దగ్గరికి నొక్కి పట్టుకున్నారు. గట్టిగా కాదు. పని తెలిసిన చేతులు. చెవి పక్కన, నీళ్ల చప్పుడుతో కలిసి, ఒక గుసగుస.

"సలి తెలుస్తదా నాయినా?"

ఎలా బయటపడ్డాడో ఆయనకు తెలియదు. తువ్వాలు చుట్టుకుని పెరట్లో ఎండలో నిలబడ్డాడు. ఆ బాత్రూంకు తాళం వేయాలి. జానకి అందులో అడుగు పెట్టకూడదు, బిడ్డ అసలే పెట్టకూడదు. ఆ మాట చెప్పడానికే వసారా వైపు వచ్చాడు.

మధుసూదన్‌రావు కప్పు కింద పెట్టి, మీసాల చాటున నవ్వుతున్నాడు.

"ధార ఎట్లున్నది బావా? చెంబేమన్నా కావాల్నా?"

అందరూ ఆయన వంకే చూశారు. జగపతిరావు నోరు తెరిచాడు. బండ సంగతి చెప్పాలి. మేనత్త సంగతి చెప్పాలి. ఈ మనిషి ముందు, చెంబు మనిషి ముందు, దెయ్యమని చెప్పాలి.

"ఫస్ట్‌క్లాస్" అన్నాడు.

గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసి, మంచం మీద కూలబడ్డాడు. వాళ్లు అటు తిరగగానే దేవకిని పిలిచి చెవిలో చెప్పాలనుకున్నాడు. కాళ్లు తుడుచుకోవడానికి వంగాడు. కుడి బొటనవేలికి తడి నూలుపోగు చుట్టి ఉంది. తెల్లది. శవానికి రెండు వేళ్లూ కలిపి కట్టే పోగు. రెండో కొస తెగి వేలాడుతున్నది.

పెరట్లో గడియ పడిన చప్పుడు.

ఆయన పరుగెత్తాడు. బాత్రూం బయట దేవకి నిలబడి ఉంది, బిడ్డకు సాంబ్రాణి వేయడానికి నిప్పుల మూకుడు పట్టుకుని. తలుపు లోపల గడియ వేసి ఉంది. కింది సందులోంచి ఆవిరి వస్తున్నది.

"మీరే మంచిగున్నయంటిరి గద" అంది దేవకి, ఆయన ముఖం చూసి బెదిరిపోతూ. "నల్లా తిప్పంగనే వేడినీళ్లొచ్చినయ్. కరెంటొచ్చిందనుకున్న. నిప్పులు తెద్దామని నేను జర ఇటొచ్చిన, అంతల్నే జానకి పాపతోని లోపల గడియ పెట్టుకున్నది."

వసారాలో పంకా కదలడం లేదు.

ఆయన తలుపుకు నోరు ఆనించాడు. "జానకీ... బయటికి రా బిడ్డా. లే."

లోపలి నుంచి కూతురి గొంతు నిద్రమత్తుగా వచ్చింది.

"అయిపాయె బాపూ. అవ్వ పోస్తున్నది గద... ఇంక పాపకే పొయ్యాలె."

దేవకి చేతిలో మూకుడు జారి పడింది. నిప్పులు చెల్లాచెదురయ్యాయి. జగపతిరావు భుజంతో తలుపును గుద్దాడు. ఫజలుద్దీన్ మంచి టేకుతలుపు బిగించాడు, కదలలేదు. మళ్లీ గుద్దబోయి ఆగాడు. లోపల ఒక చప్పుడు మొదలైంది.

ఆ బాత్రూంలో బకెట్టు లేదు, చెంబు లేదు. ఉండకూడదని ఆయనే ఆజ్ఞ వేశాడు. కానీ లోపల ఎవరో ఒక పెద్ద రాగి గంగాళాన్ని బండ మీదికి ఈడ్చుకున్నారు. దాంట్లో నీళ్లు పోయబోతున్నారు.

బీఎస్సీ చదివిన జగపతిరావు, ఊపిరి బిగబట్టి, ఏ నీళ్లు ముందు పడతాయో అని తలుపుకు చెవి ఆనించాడు.

ఖాళీ గంగాళం అడుగు గణగణమంది.