గోధుమ చేలవాడి పడవ

చర్చిలో పాటల సాధన ముగించుకుని ఇంటికొచ్చిన వెల్మా భోజనాల గది గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. టేబుల్ లేదు! కుర్చీలు మాత్రం ఒకదాని మొహం ఒకటి చూసుకుంటున్నాయి.

"ఏమండీ... మా అమ్మ టేబుల్ ఏదండీ?"

క్లిఫర్డ్ షెడ్డులోంచి వచ్చాడు. గడ్డం నిండా రంపపు పొట్టు. "పడవ వెనక పలకకి అంత వెడల్పు చెక్క ఎక్కడా దొరకలేదు వెల్మా. కాళ్ళు దాచిపెట్టాన్లే!"

"కాళ్ళు దాచారా! ఆహా, ఎంత దయండీ! వాటిమీద ఏం పెట్టుకుని తినమంటారు, మీ తలకాయా?"

కెనడాలో, నోవాస్కోషియా సముద్రపు ఒడ్డున ఆ పల్లెలో వెల్మా పుట్టింటివాళ్ళంతా తరతరాలుగా చేపలవాళ్ళు. క్లిఫర్డ్ ఎక్కడో గోధుమ చేల మధ్య పుట్టిన లెక్కల మాష్టారు. సముద్రం రంగు తప్ప సముద్రం సంగతేదీ తెలియని మనిషి! అలాంటివాడు ఉద్యోగం విరమించగానే పడవ కడతానని కూర్చున్నాడు. చెక్కలకి ఆవిరి పట్టి వంచాలంటూ ఆమె టీ కెటిల్ మాడ్చేశాడు. వంచినవాటిలో సగం విరిగాయి.

"అక్కా, బావ కట్టేది పడవా, గాదెనా? చెప్తే గోధుమలు తెచ్చి పోస్తా!" అనేవాడు తమ్ముడు మర్డాక్ వచ్చినప్పుడల్లా.

"గాదైతే నయమేరా, ఎలుకలైనా బతుకుతాయి!" అని వెల్మా ఇంకా గట్టిగా నవ్వేది. షెడ్డులో రంపం చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలయ్యేది.

కానీ ఇవాళ నవ్వు రాలేదు... ఏడుపొచ్చింది.

"ఎందుకండీ ఈ పిచ్చి? మిమ్మల్ని పడవ కట్టమని ఎవరేడ్చారు?"

క్లిఫర్డ్ చేతిలోని ఉలి వైపు చూస్తూ నిలబడ్డాడు. "మీ పుట్టింట్లో పండక్కి మగవాళ్ళంతా సముద్రం కబుర్లు చెప్పుకుంటారు. నేను వంటింట్లోకొచ్చి గిన్నెలు తుడుస్తాను. ముప్పై ఏళ్ళు... ఒక్కసారి నాక్కూడా చెప్పుకోడానికి ఏదో ఒకటి ఉంటే బాగుండునని..."

"దానికోసం మా అమ్మ టేబుల్ కోశారా!" అని తలుపు విసిరికొట్టింది వెల్మా. కొట్టిందే గానీ, ఆయనన్న మాట చేపముల్లులా గొంతులో గుచ్చుకుని ఉండిపోయింది...

జూన్‌లో పడవని నీళ్ళలోకి దించారు. వేడుక చూడ్డానికి ఊరంతా వచ్చింది, మర్డాక్ అందరికన్నా ముందు! పడవ తేలింది. క్లిఫర్డ్ మొహం వెలిగింది. అంతలోనే చెక్కల సందుల్లోంచి నీళ్ళు బుసబుసా పైకి తన్నుకొచ్చాయి.

"బావగారూ! పడవ కట్టమంటే జల్లెడ కట్టారేంటండీ!" ఒడ్డంతా గొల్లున నవ్వింది.

మోకాలి లోతు నీళ్ళలో నిలబడి క్లిఫర్డ్ కూడా నవ్వబోయాడు. పెదాలు వణికాయి. వెల్మా నాలుక చివర అప్పటికే ఒక మంచి ఎత్తిపొడుపు సిద్ధంగా ఉంది. ఆ పెదాలు చూసి మింగేసింది! చర్చికి వేసుకెళ్ళే జోళ్ళతోనే నీళ్ళలోకి దిగి, బకెట్టు అందుకుని తోడడం మొదలుపెట్టింది.

"నోర్ముయ్యరా మర్డాక్! కొత్త చెక్క నీళ్ళు తాగి ఉబ్బేదాకా ఏ పడవైనా కారుతుంది. నాన్న కట్టింది కారలేదూ? తెలిసి తెలిసీ నవ్వుతున్నావా?"

"ఆయన్ని చూసి నవ్వడం నేర్పింది నువ్వేగా అక్కా!"

బకెట్టు పట్టిన చెయ్యి ఆగిపోయింది. చెంప మీద కొట్టినట్టయింది.

"అవునురా... నేనే నేర్పాను," అంది వెల్మా. "నేను మానేశాను. ఇక నువ్వూ మానెయ్!"

ఒడ్డున ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. పడవని అలాగే నీళ్ళలో నాననిచ్చారు. రెండు మూడు రోజులకి చెక్కలు ఉబ్బి, సందులు మూసుకుని, లోపల చుక్క నీరు లేకుండా నిలిచింది.

ఆదివారం ఇద్దరూ ఎక్కారు. క్లిఫర్డ్ దర్జాగా తెడ్లు వేశాడు. ఒడ్డుకి కాస్త దూరం వెళ్ళేసరికి అల మొదలైంది. పాపం, మొహం పాలిపోయింది, తెడ్లు వదిలేసి పడవ అంచు మీద వాలి కక్కుకున్నాడు! వెల్మా తన కోటు విప్పి ఒడ్డు వైపు అడ్డం పట్టింది.

"ఏంటక్కా, బావ అలా వంగాడు?" ఒడ్డు నుంచి మర్డాక్ కేకేశాడు.

"చేపలున్నాయేమోనని చూస్తున్నార్రా!" అని అరిచి, భర్త వీపు నిమిరింది వెల్మా. "బోలెడున్నాయట!"