పిచ్చమ్మ పుట్టింటి బిందె

"మీ అవ్వ అత్తగారి పుట్టింటి పేరేంటండీ?"

పడవ ఇంజన్‌లో మోచేతి దాకా చేయి పెట్టిన శివ తలెత్తకుండానే, "మాకు ఇన్సూరెన్సు వద్దు మేడం," అన్నాడు.

అలా మొదలైంది. స్వర్ణ నెల్లూరులో ఎం.ఏ. హిస్టరీ చదువుతోంది. పులికాట్ ఒడ్డు పల్లెల్లో నాలుగు తరాల ఆడవాళ్ళ పుట్టింటి పేర్లు వెతికి వంశవృక్షాలు గీయడం ఆమె ప్రాజెక్టు. మగవాళ్ళ పేర్లు ఇట్టే దొరికేవి. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ప్రతి కాగితంలోనూ ఫలానా వారి భార్య అనే. అంతకుముందు ఆవిడ ఎవరి బిడ్డో ఎవరికీ పట్టలేదు.

తను ఇన్సూరెన్సు మనిషి కాదని నమ్మించడానికి పావుగంట పట్టింది. శివ చేతులు తుడుచుకుని, సిగ్గుపడి నవ్వి, స్టూలు జరిపాడు. ఆ నవ్వు చూశాక స్వర్ణ పెన్ను మూత తీయకుండానే రాయబోయింది.

"ఇంటిపేరు?"

"పామంజి."

పెన్ను ఆగింది. స్వర్ణ వాళ్ళదీ పామంజే. ఆమె తాత ఈ ఊరి నుంచే నెల్లూరు చేరాడు.

ఆ మాట చెప్పగానే శివ మొహం కాస్త చిన్నబోయింది. ఒకే ఇంటిపేరంటే అన్నాచెల్లెళ్ళ వరస. "అయితే నీళ్ళు తాగు, చెల్లెమ్మా," అన్నాడు ఇంజన్ వైపు తిరిగి.

ఆ ఊరి మంచినీళ్ళు కూడా స్వర్ణకు ఉప్పగానే అనిపించాయి.

తర్వాత రెండు నెలలు ప్రతి శనివారమూ అతను ఆమెను బైకు మీద పల్లెపల్లెకూ తిప్పాడు. ముసలమ్మల చేత మాట్లాడించడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. పుట్టింటి పేరు చెప్పేముందు తొంభై ఏళ్ళ అవ్వ కూడా కొంగు సర్దుకుని, నిటారుగా కూర్చునేది. అది స్వర్ణకు భలే ముచ్చటగా ఉండేది. తిరిగి వచ్చేటప్పుడు శివ బైకు ఆపి ఫ్లెమింగోలను చూపించేవాడు. ఆమె వాటినే చూస్తున్నట్టు నటించేది.

మధ్యలో ఎప్పుడో అతను చెల్లెమ్మా అనడం మానేశాడు. ఫోన్‌లో కూడా. కానీ ఏం లాభం? ఒకే ఇంటిపేరు వాళ్ళకు పెళ్ళంటే స్వర్ణ నాన్న నరేంద్రబాబు ఆ మాట పూర్తిగా విననైనా వినడు.

చివరికి చార్టులో ఒక్క గడే మిగిలింది. శివ ముత్తవ్వ పిచ్చమ్మది. ఆవిడ పుట్టిల్లు ఏదని అడిగినప్పుడల్లా ఆవిడ కోడలు, అంటే శివ అవ్వ పెంచలమ్మ, వక్క వెతుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయేది. ఆ గడి నిండితే ఇక ఊరికి రావడానికి సాకుండదు. స్వర్ణకు అది నిండాలనీ ఉంది, నిండకూడదనీ ఉంది.

ఆ శనివారం వాన ఇద్దరినీ శివ ఇంటి వసారాలో కూర్చోబెట్టి, కదలనని మొండికేసింది. చూరు నీళ్ళకు పెంచలమ్మ ఒక పాత ఇత్తడి బిందె పెట్టింది. చిలుము పట్టిన దాని మెడ మీద చుక్కలు చుక్కలుగా ఏవో అక్షరాలు.

పెళ్ళికి పుట్టింటివాళ్ళు పేరు చెక్కించి బిందె ఇవ్వడం ఆనవాయితీ. స్వర్ణ చింతపండు అడిగి తీసుకుని తోమడం మొదలుపెట్టింది. శివ కూడా చేయి కలిపాడు. అక్షరాలు ఒక్కొక్కటే మెరిశాయి.

పామంజి కామాక్షయ్య కూతురు పిచ్చమ్మకు.

"మా ముత్తవ్వ పుట్టిల్లూ పామంజేనా?" శివ తెల్లబోయాడు. "ఒకే ఇంటిపేరోళ్ళకి పెళ్ళెట్టా చేసినారు?"

"చెయ్యరు," అంది స్వర్ణ. "మీ ముత్తాత పామంజి కాదేమో."

పెంచలమ్మ బిందె వంక చూసింది. ఇక దాచి లాభం లేదనుకుందేమో, గడప మీద కూర్చుంది. "కాదు. మా మామ యాడ్నించో ఒంటిగా పడవేసుకొని వచ్చినాడు. కామాక్షయ్య ఇంటికి ఇల్లరికం పోయినాడు. ఊరంతా ఆ ఇంటి పేరుతోనే పిలిచినారు, అదే నిలిచిపోయింది. ఎగతాళి చేస్తారని మీ తాత ఆ మాట ఎత్తనిచ్చేవాడు గాదు."

తర్వాత వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుంది. "మనం పామంజోళ్ళ ఆడబిడ్డ సంతానం. ఈ పిల్లేమో పామంజోళ్ళ బిడ్డ. ఒరే శివా, ఇది నీకు మరదలు గదరా."

శివ బిందెను మళ్ళీ తోమడం మొదలుపెట్టాడు.

"చెల్లెమ్మా అనడం మానేసి పదిహేను రోజులైంది," అన్నాడు శివ, బిందెకు చెప్తున్నట్టు. "చూసినావా?"

"పదహారు," అంది స్వర్ణ.

స్వర్ణ పిలిపిస్తే నరేంద్రబాబు వచ్చి, బిందె మీద వేలుపెట్టి మూడుసార్లు చదివాడు. కామాక్షయ్య తన ముత్తాతకు అన్న అని గుర్తుచేసుకుని, పెంచలమ్మకు దండం పెట్టి ముహూర్తం అడిగాడు.

పెళ్ళి బిందె మీద పుట్టింటి పేరు చెక్కాలా, అత్తింటి పేరా అని దుకాణం అతను అడిగితే స్వర్ణకు నవ్వాగలేదు. పెళ్ళయినా ఇంటిపేరు మారని పెళ్ళికూతురు తను. అయినా పుట్టింటిదే చెక్కమంది.

పెళ్ళయిన నాలుగో రోజు చార్టు గోడకు తగిలించారు. పిచ్చమ్మ గడి నిండింది. ఇప్పుడు ఆవిడ మొగుడి ఇంటిపేరు గడి ఖాళీ.

స్వర్ణ పెన్ను మూత తీసి చెవి వెనక పెట్టుకుంది. "శనివారం బైకు తీస్తావా, బావా?"