కడగని బెల్లం పెనం

నర్సీపట్నంలో షాలేమ్‌రాజు చేతిరాత లేని బండి లేదు. ఊళ్లో పన్నెండు వేల బళ్లుంటే, వాటిలో పదమూడు వేలకి నంబరు ప్లేట్లు అతనే రాశాడు. కిళ్లీకొట్ల బోర్డులు, ఎరువుల కొట్ల గోడలు, ఆదివారం బడి పిల్లలకి చూపించే బైబిలు బొమ్మల చార్టులు అన్నీ అతని కుంచెవే. కానీ ప్రాణం మాత్రం వాటిలో లేదు. పేజీని గళ్లుగా కోసుకుని, గడికో బొమ్మ వేసి, బొమ్మల్లోనే ఒక నవల మొత్తం నడపాలి. దాని అట్ట మీద తన పేరుండాలి. పన్నెండేళ్లుగా అదొక్కటే రంధి.

1998 అక్టోబరు మొదటి వారంలో అతని దెయ్యం నవల విజయవాడ పబ్లిషరు దగ్గర్నుంచి తిరిగొచ్చింది. ముప్ఫై రెండు పేజీలూ మడత నలగకుండా ఉన్నాయి. పైన పిన్నుతో గుచ్చిన ఉత్తరం.

"బొమ్మ శుభ్రంగా ఉంది. అదే మీ జబ్బు. మీ దెయ్యం తలంటుకుని, పౌడరు రాసుకుని పెళ్లికి బయల్దేరినట్టుంది. చదివేవాడికి భయం తర్వాత సంగతి, ముందు రోత పుట్టాలి. ఆ పూట అన్నం సయించకూడదు. నెలాఖరులోగా కొత్త పేజీలు పంపండి. లేదంటే మీ బదులు ఇంకో ఆర్టిస్టు పుస్తకం వేసేస్తాం."

రోత సంగతికొస్తే, షాలేమ్‌రాజు ఇంట్లోనే దానికో కొలబద్ద ఉంది. భార్య ఎస్తర్ రాణికి మూడో నెల. అలాంటిలాంటి వేవిళ్లు కావు. ఇడ్లీ ఆవిరికి వాంతి, కొబ్బరినూనెకి వాంతి, పాస్టరు గారి కొత్త చొక్కా వాసనకి ప్రార్థన మధ్యలో వాంతి. పక్కూరు పెదబొడ్డేపల్లిలో ఎవరైనా పోపు పెడితే ఈవిడ ఇక్కడ బకెట్టు వెతుక్కునేది. మనిషి గొడుగు ఊచలా అయిపోయింది. సరే, ఆమెకి వాంతి తెప్పించిన బొమ్మే పాసు అనుకున్నాడు.

"రాణీ, ఇది సూడు."

కళ్లలో పురుగులు లుకలుకలాడుతున్న ఆడదెయ్యం. ఎస్తర్ రాణి బకెట్టు ఒళ్లో పెట్టుకుని, తల వాల్చి చూసింది. వాంతి రాలేదు.

"పాపం, బాగా సిక్కిపోనాదండీ. రెండు ముద్దలన్నం ఎట్టాలనిపిస్తంది."

"దెయ్యమే అది!"

"అవునా? సెప్పకపోతే మీ మేనత్తనుకున్నాను."

లోకంలో ఉన్న సమస్తానికీ కక్కుకునే మనిషి, తన బొమ్మకి మాత్రం కక్కుకోకపోవడం కన్నా అవమానం ఉంటుందా? షాలేమ్‌రాజు రోత వెతుక్కుంటూ ఊరి మీద పడ్డాడు. చేపల బజారు కాలవ పక్కన గొంతుక్కూర్చుని పేగులు గీశాడు. కసాయి దుకాణం వెనక ఈగలు గీశాడు. ఆసుపత్రి గోడవతల పారేసిన కట్లు గీశాడు. అతని ఒంటి వాసనకి ఆర్టీసీ బస్సులో నలభై మంది దిగి నడిచి వెళ్లిపోయారు. అయినా లాభం లేదు. అతని చేతిలో పేగు మల్లెదండలా తేలేది. పుండు ముగ్గులా తేలేది.

ఇరవయ్యో తారీఖున తాతబ్బాయి వచ్చాడు. గొలుగొండ దారిలో చెరుకు తోటలున్న రైతు. ట్రాక్టరు నంబరు రాయించుకోడానికి వచ్చి, గోడకి అతికించిన బొమ్మలన్నీ చూసి నవ్వాడు.

"ఏటి షాలేమూ, ఇయి దెయ్యాలా? మా పాకలో పెనం సూసినావంటే వారం రోజులు ముద్ద దిగదు."

"ఏం పెనం?"

"బెల్లం పెనం. ఎనబై నాలుగు నుంచీ కడగనేదు."

షాలేమ్‌రాజు కుంచె పక్కన పెట్టాడు. తాతబ్బాయి వీధివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

వాళ్ల నాన్న కాలంలో దేవుళ్లు అని ఒకడుండేవాడు. పాకం చూసే మనిషి. తడి వేలు పాకంలో ముంచి, నోట్లో పెట్టుకుని, "సల్లారింది" అని అతను అంటేనే పెనంలో గరిట పెట్టేవారు. ఆ మాట వినకుండా బెల్లం తీసే ఆచారం ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు. ఆ ఏడు ఒకనాడు పాకం తెర్లుతుండగా దేవుళ్లు కాలు జారి పెనంలో పడ్డాడు.

"తీసేరా?"

"తీసేం. వచ్చిన కాడికి వచ్చింది."

"మిగతాది?"

"రెండొందల దిమ్మల పాకం షాలేమూ. నాన్న పారబొయ్యనేదు. పైపైది దిమ్మలు కట్టించి సంతకి తోలీసినాడు. సల్లారిందని సెప్పాల్సినోడే లేడు... అయినా తీయించీసినాడు."

"ఎవులు తిన్నారు?"

"మా అత్తారు తిన్నారు. మీ ఈది తింది. నర్సీపట్నం అంతా తింది." అతను పక్కకి తిరిగి ఉమ్మాడు. "ఆ ఏడు బెల్లం మా రుచిగా ఉందని అందరూ మళ్లీ మళ్లీ అడిగేరు."

ఆ మాటకి షాలేమ్‌రాజుకి సిగ్గులేకుండా సంతోషం వేసింది. ఇదే. ఇన్నాళ్లూ వెతికింది ఇదే.

* * *

శనివారం భోజనం చేసి సైకిలెక్కాడు. సగం దారిలో వాన దిగింది. వాన కాదది, ఎవరో ఆకాశాన్ని బోర్లించేశారు. రెండున్నరకే దీపం పెట్టుకునేంత చీకటి. చెరుకు తోటల మధ్య పాక కనిపించేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

కప్పు సగం కూలింది. మిగిలిన సగం కింద పొయ్యి, పొయ్యి మీద పెనం. బెల్లం పెనం అంటే అట్లు పోసుకునేది కాదు. ఓ కొత్త జంట దాన్లో కాపురం పెట్టుకుని చుట్టాల్ని పిలవచ్చు.

ముందు వాసన తగిలింది. కాగిన పాకం తీపి వాసన. దాని అడుగున ఇంకోటి ఉంది. వెంట్రుక మాడినట్టు, పాత పుండుకి కట్టిన గుడ్డ విప్పినట్టు. ముక్కు మూసుకున్నాడు. వాసన నోట్లోకి వచ్చింది. డోకొస్తుందని కాచుకున్నాడు.

డోకు రాలేదు. నోరూరింది.

అతనికి ఒళ్లు జలదరించింది మొదట అందుకే. గుటక మింగకూడదని ఎంత బిగబట్టినా, గొంతు దానంతటదే మింగేసింది.

పెనం అడుగున జానెడు లోతు నల్లటి మడ్డి. పద్నాలుగేళ్ల వానకి కరగలేదు, ఎండకి గట్టిపడలేదు. తళతళలాడుతోంది. దాని మీద ఒక్క ఈగ లేదు. పాకలోనే ఒక్క పురుగు చప్పుడు లేదు. కప్పు మీద వాన మాత్రం... టప టప టప.

ఊడిపడి ఉన్న తలుపు చెక్క మీద కాయితం పరిచాడు. సంచిలో చెయ్యి పెడితే ఇంకు సీసా మూత ఊడిపోయి ఉంది. ఇంకంతా సంచి తాగేసింది. తిరిగి వెళ్లిపోవచ్చు. వెళ్లిపోవలసిందే. కానీ నెలాఖరుకి ఇంకా వారమే ఉంది. ఆ మడ్డి చూస్తే ఇండియన్ ఇంకు దాని ముందు కడుగునీళ్లలా ఉంది...

కుంచె ముంచాడు.

గీత పడింది. పదిహేనేళ్లలో అలాంటి గీత అతని చేతి నుంచి రాలేదు. లావుగా మొదలై, సన్నబడి, చివర జీవం ఉన్నట్టు వంకర తిరిగింది. రెండో గీతకి కుంచె కొస చీలింది. కొస చీలితే బోర్డులు రాసేవాళ్లంతా ఏం చేస్తారో అతనూ అదే చేశాడు. ఆలోచించలేదు. పెదాల మధ్య పెట్టుకుని నాలుకతో మొన తీర్చాడు.

తియ్యగా ఉంది.

వెచ్చగా ఉంది.

నాలుక మీద సన్నగా ఏదో తగిలింది. రెండు వేళ్లతో పట్టుకుని లాగాడు. వెంట్రుక. లాగుతుంటే వస్తోంది. వస్తోంది... గొంతులోంచి, ఇంకా లోపల్నుంచి... జానెడు, మూరెడు. అది తెగేసరికి కళ్లలో నీళ్లు కారిపోతున్నాయి. అయినా ఆ చెయ్యి కుంచె వదల్లేదు. చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది.

కాయితం మీద ఒక మొహం తేలింది. చెంప జారి మెడ మీద మడత పడింది. ఒక కన్ను ఉడికిన గుడ్డులా తెల్లబడింది. రెండో కన్ను మాత్రం బాగానే ఉంది. అది అతన్నే చూస్తోంది. దేవుళ్లు ఎలా ఉంటాడో షాలేమ్‌రాజు జన్మలో చూడలేదు. కానీ ఇది అతనే.

గుబ్.

తలెత్తాడు. పొయ్యిలో బూడిద తడిసి ముద్దయి ఉంది. నిప్పు లేదు. పెనంలో మడ్డి మీద బుడగ లేచి పగిలింది.

గుబ్... గుబ్...

"సల్లారిందా?"

గొంతు కాదది. నోటినిండా ఏదో పెట్టుకుని గుసగుసలాడినట్టుంది. పెనం అవతల ఎవరూ లేరు. ఇవతల కూడా ఎవరూ లేరు.

"సల్లారిందా బాబూ... సూసి సెప్పు..."

ప్రార్థన ఎత్తబోయాడు. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. ఏదో ఒకటి చెప్తే ఊరుకుంటుందనిపించింది. ఏదో ఒకటి...

"ఆ," అన్నాడు. "సల్లారింది."

బుడగలు ఆగిపోయాయి. వాన కూడా ఆగినట్టనిపించింది. బరువు దింపుకున్న మనిషి విడిచినట్టు పొడవాటి నిట్టూర్పు ఒకటి అతని చెవి పక్కనుంచి పోయింది.

"అయితే తీయ్."

పరిగెత్తడానికి లేచాడు. నిజంగానే లేచాడు. కానీ కాయితం మీద ఆ మొహం... విజయవాడవాళ్లు నెల రోజులు అన్నం మానేసే మొహం. షాలేమ్‌రాజు వెనక్కి వంగాడు. సంచిలోంచి ఖాళీ పెయింటు డబ్బా తీసి మూత తెరిచాడు. దోసిలితో డబ్బా నిండా మడ్డి తోడుకున్నాడు.

* * *

అయిదు రోజుల్లో ముప్ఫై రెండు పేజీలు పూర్తయ్యాయి. అన్నం లేదు, నిద్ర లేదు, కాకులు కూడా అతన్ని చూసి జాలిపడ్డాయి. గడి గడిలో దేవుళ్లు. పెనంలోంచి లేస్తూ, సంతలో దిమ్మలోంచి చూస్తూ, తినేవాళ్ల పళ్ల సందుల్లోంచి వేళ్లు బయట పెడుతూ. గీసిన వాడికే చూస్తే కడుపులో తిప్పేది.

"రాణీ, ఇది సూడు. ఇంక నీకు వాంతి రాకపోతే ఆర్టిస్టునే కాదు."

ఎస్తర్ రాణి బకెట్టు తెచ్చుకుని కూర్చుంది. కాయితం దగ్గరగా పెట్టుకుంది. ముక్కుపుటాలు అదిరాయి. బకెట్టు కాలితో పక్కకి జరిపింది.

"పాకం వాసనొస్తందండీ," అంది. మూడు నెలల తర్వాత మొదటిసారి నవ్వింది. "ఆకలేస్తంది."

ఆ రాత్రి నాలుగు గరిటెల అన్నం తింది. షాలేమ్‌రాజుకి దిగులుపడాలో సంతోషించాలో తెలియలేదు. అలిసిపోయి ఉన్నాడు. మర్నాడు, పోస్టు చెయ్యడానికి పేజీలన్నీ బల్లమీద బొత్తిగా పెట్టి, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చాడు.

చప్పుడుకి మెలకువ వచ్చింది. పిల్లి పాలు తాగుతున్న చప్పుడు. వాళ్లింట్లో పిల్లి లేదు.

ఎస్తర్ రాణి నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. ఒళ్లో పేజీలు. ఒక పేజీని రెండు చేతులా పట్టుకుని నాకుతోంది. తొందర లేదు. గడి తర్వాత గడి, గీత తర్వాత గీత. మొహం దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూసుకుని, పంటి చివరతో గీరి మరీ నాకింది. పెదాలు, గడ్డం, పళ్లు నల్లగా... పక్కన పెయింటు డబ్బా తోమి బోర్లించినట్టు మెరుస్తోంది.

"ఎస్తరూ! ఏటే అది? ఉమ్ము! ఉమ్మీయ్!"

ఆమె గుటక వేసింది. నల్లటి తీగ ఒకటి పెదాల నుంచి కాయితం దాకా సాగింది. వేలితో దాన్ని చుట్టుకుని నోట్లో పెట్టుకుంది.

"నాకు కాదండీ," అంది మెల్లగా. రెండో చెయ్యి పొట్ట మీద ఉంది. "అడుగుతుంటే ఎట్టాల కదా."

అతను పెరట్లోకి పోయి కక్కుకున్నాడు. చిన్నప్పటి నుంచి తిన్నదంతా కక్కుకున్నాడు. తిరిగొచ్చి లెక్కపెడితే పంతొమ్మిది పేజీలు తెల్లగా, తడిగా ఉన్నాయి. పదమూడు మిగిలాయి.

అగ్గిపెట్టె చేతిలోకి తీసుకున్నాడు. ఆ పదమూడూ తగలబెట్టాలి. అంతా తాతబ్బాయికి చెప్పాలి, పాస్టరు గారికి చెప్పాలి, ఆమెని డాక్టరుకి చూపించాలి. పై పేజీలో దేవుళ్లు అతన్నే చూస్తున్నాడు. ఎంత గొప్పగా కుదిరింది ఆ కన్ను! షాలేమ్‌రాజు అగ్గిపుల్ల గీశాడు. అది వేళ్ల దాకా కాలి ఆరిపోయింది. ఇంకోటి గీయలేదు. మూడున్నరకి పోస్టాఫీసు కిటికీ మూస్తారు. మూడుంబావుకి కవరు పోస్టు చేశాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

పదిరోజుల్లో జవాబు వచ్చింది. "పదమూడు పేజీలు చాలు. ఇంతకన్నా ఎక్కువ ఎవరూ తట్టుకోలేరు."

* * *

పుస్తకం ఏప్రిల్లో వచ్చింది. మొదటి కాపీ అందిన రోజే ప్రసూతి వార్డు నుంచి కబురొచ్చింది. మగపిల్లాడు. తల్లి కులాసా. ఆ మాటకొస్తే, వేవిళ్లు తగ్గిన దగ్గర్నుంచీ ఎస్తర్ రాణి చక్కగా ఒళ్లు చేసి నిగనిగలాడింది. చర్చిలో అందరూ దేవునికి స్తోత్రమన్నారు.

షాలేమ్‌రాజు పుస్తకం చంకలో పెట్టుకుని ఉరుక్కుంటూ వెళ్లాడు. వార్డు గుమ్మంలో నర్సు కృపాజ్యోతి ఎదురొచ్చింది. చిన్నప్పుడు ఆదివారం బడిలో తన పక్కన కూర్చున్న మనిషే. కుడిచేయి కొంగులో చుట్టుకుంది.

"అన్నయ్యా, ఒక్క నిమిషం," అంది గుసగుసగా.

కొంగు తప్పించింది. చూపుడు వేలి చుట్టూ పొక్కులు. అయిదు చిన్న పొక్కులు, వరసగా, చిక్కటి నీరు పట్టి ఉబ్బి ఉన్నాయి. ఒకటి చితికి రసి కారుతోంది.

"నీళ్లు పోసి తుడుస్తుంటే బాబు నా వేలు పట్టుకున్నాడు. అంతే అన్నయ్యా. వేడినీళ్లేవైనా ఒలికాయేమో అనుకున్నాను. పొద్దుట్నుంచీ కరెంటు నేదు. వార్డులో సన్నీళ్లే..."

ఆమె లోపలికి ఒకసారి చూసి వేలు మళ్లీ కొంగులో దాచుకుంది.

కిటికీ పక్క మంచం మీద ఎస్తర్ రాణి నవ్వుతోంది. తెల్లగుడ్డలో మూట కదులుతోంది.

"అక్కడే నిలబడిపోనారేటండీ?" అంది. "ఆ పుస్తకం కింద ఎట్టి బేగి రండి. ఇందాకట్నుంచీ మీ మెడ కోసమే సేతులు సాపుతున్నాడు."