వెనకమెట్ల అద్దం

ముంబై కామాటిపురాలో ఎవరినడిగినా చెబుతారు — ఇరుకుగదుల పాత బిల్డింగ్ అయిన సాయవ్వ చాల్ వెనకమెట్ల జోలికి రాత్రిపూట పోవద్దని.

మూడో అంతస్తు మలుపు దగ్గర ఏదో నడుస్తుందట. మనిషి కనబడదు. మెట్టు చెక్క మాత్రం... కిర్ర్‌ర్... అంటుంది. కాసేపాగి, ఇంకో మెట్టు కింద... మళ్ళీ కిర్ర్. ఎప్పుడో నీళ్ళ బిందెతో అక్కడ జారిపడి చచ్చిపోయిన సీమా ఇంకా నీళ్ళు మోస్తూనే ఉందని అందరి నమ్మకం. ముంబైలో నీళ్ళ కష్టం చచ్చినా తీరదన్నమాట!

ఈ మాట వింటే శైలేష్‌కి ఒళ్ళు మండేది. పాత బిల్డింగులు ఎంత గట్టిగా ఉన్నాయో పరీక్షించే కంపెనీలో అతని ఉద్యోగం. ఊరందరి గోడలూ తట్టి చూసే మనిషి ఇల్లు సరిగ్గా ఆ మెట్లకు ఆనుకునే ఉంది. తల్లి రత్నాబాయి, భార్య పూనం, కూతురు కోమల్ — ముగ్గురూ ఆ గోడ పక్కనే పడుకుంటారు.

"దెయ్యం కాదవ్వా, దూలం కుళ్ళింది. గోడ పగులుతున్నది. గ్రాంట్ రోడ్ దిక్కు కిరాయికి గది చూసిన, పోదాం పా," అని తల్లిని బతిమాలాడు.

"గూట్ల పోచమ్మను మా అత్త నిలబెట్టింది. కదిలియ్యొద్దన్నది. తల్లిని ఇడిచి యాడికి పోదాం కొడుకా? ఆమె ఉన్నన్ని దినాలు ఒక్క ఇటుక రాలదు."

పూనం కూడా అత్త పాటకే తాళం వేసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది శైలేష్ పని.

చెబితే వినకపోతే చూపిద్దామనుకున్నాడు. మలుపు దగ్గర గోడ పగులుకి అడ్డంగా సన్నటి అద్దం ముక్క అతికించాడు. వాళ్ళ పనిలో అది మామూలే. గోడ ఏ కాస్త కదిలినా అద్దం పగులుతుంది. చాల్‌లో అందరినీ పిలిచి మరీ చెప్పాడు. "ఇది పగిలిందంటే బిల్డింగ్ కదిలినట్టు. అప్పుడు అందరు కిందికి దిగాలె."

అందరూ బుద్ధిగా తలూపారు. తెల్లారి చూస్తే... అద్దానికి పసుపు, కుంకుమ! మాపటికల్లా పూలదండ, ఊదొత్తులు!

పాలమూరు నుంచి కూలికొచ్చి పై గదిలో ఉంటున్న మల్లయ్య రెండు చేతులూ జోడించాడు. "మంచి బందోబస్తు చేసినవ్ అన్నా. సీమాను కట్టేసినవ్. ఇగ ఇది దాటి రాదు."

"మంత్రం కాదు మల్లయ్యా, సైన్స్!"

"పేరేదైతేంది అన్నా. పని చేస్తె సాలు."

శైలేష్ తుడిచేవాడు, వాళ్ళు మళ్ళీ పెట్టేవాళ్ళు. చంద్రుడి మీదికి రాకెట్ పోతే టీవీ ముందు చప్పట్లు కొట్టింది వీళ్ళే. ఆ చంద్రుడికే గ్రహణమంటే పొయ్యి వెలిగించనిదీ వీళ్ళే. ఇలాంటి జనానికి ఏ భాషలో చెప్పాలో తెలియక జుట్టు పీక్కునేవాడు.

ఆషాఢంలో ఒక రాత్రి... కుండపోత వాన. డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చిన శైలేష్ పంతం కొద్దీ వెనకమెట్లే ఎక్కాడు. లైటు లేదు.

కిర్ర్‌ర్...

ఆగాడు. అది తన అడుగు కాదు. పైన... ఎవరో...

అతను నమ్మడు. అయినా ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఫోను లైటు వేసుకుని, ఒక్కో మెట్టూ తడుముకుంటూ మలుపు దాకా ఎక్కాడు. ఎవరూ లేరు.

అద్దం మాత్రం... రెండు ముక్కలై ఉంది.

దెయ్యం భయం ఆ క్షణమే ఎగిరిపోయింది. అంతకంటే పెద్ద భయం పట్టుకుంది.

"లేవండి! బిల్డింగ్ కదిలింది! దిగండి!" అంటూ తలుపు తలుపూ బాదాడు.

"ఇంత వానల పిల్లలను ఏసుకొని యాడికి?" అన్నారొకరు. "పొద్దుగాల చూద్దాం తీ," అన్నారింకొకరు. రత్నాబాయి అయితే పక్క మీంచే లేవలేదు. "పోచమ్మ తల్లి చెప్పలె బిడ్డా. పండుకో."

ఆ గోడకే వీపు ఆనించి కోమల్ నిద్రపోతోంది. పిల్లని చూసేసరికి శైలేష్‌కి ఏడుపొచ్చింది. జన్మలో అనననుకున్న మాట అప్పుడు నోట్లోంచి వచ్చింది. గొంతు తగ్గించి, గుసగుసగా...

"అద్దం పగిలింది... కట్టు తెగింది. సీమా లోపలికొచ్చింది."

అంతే! వాన గుర్తులేదు, చీకటి గుర్తులేదు. ముందుమెట్ల మీద జనం ఒకరి మీద ఒకరు పడుతూ దిగారు. అందరికంటే ముందు మల్లయ్య. కదిలించకూడని పోచమ్మని రత్నాబాయి చీరకొంగులో చుట్టుకుని మరీ దిగింది.

ఎదుటి ఫుట్‌పాత్ మీద తడుస్తూ నిలబడ్డారు. కాసేపు ఏమీ కాలేదు. గొణుగుడు మొదలైంది. సరిగ్గా అప్పుడు... వెనకమెట్లూ, శైలేష్ గదీ కలిసి ఒక్క ఊపున కూలిపోయాయి.

మున్సిపల్ స్కూల్లో తలదాచుకున్నారు. ప్రాణాలు దక్కినందుకు సంతోషించాలో, అబద్ధమాడితేనే దక్కినందుకు ఏడవాలో శైలేష్‌కి తెలియలేదు. కనీసం తల్లికైనా నిజం ఎక్కించాలనుకున్నాడు.

"సీమా లేదు, గీమా లేదు అవ్వా. అట్లంటె గాని మీరు కదలరని అబద్ధమాడిన. మనను కాపాడింది ఆ అద్దం. గోడ కదిలింది, అది పగిలింది. సైన్స్ అంటే గది!"

రత్నాబాయి తల వంచుకుంది.

"కోపం జెయ్యకు కొడుకా... గోడ కదిలి పగలలె అది. మాపటీలి దాని ముంగట కొబ్బరికాయ కొడ్తుంటె చెయ్యి జారి తగిలింది. తిడ్తవని చెప్పలె. అందుకే నువ్వు బిల్డింగ్ కదిలిందంటె లేవలె నేను. సీమా అన్నంకనే గుండె జారింది... నేనే గద పగలగొట్టింది అని."

"అంటె... కొబ్బరికాయనా?" అన్నాడు శైలేష్.

"గోడ చెప్పలె. సీమా ఉత్తదే అంటివి," అంది రత్నాబాయి, ఒళ్ళో పోచమ్మని సర్దుకుంటూ. "మరి కూలే ముంగట మనను బయటికి పిలిచిందెవరు బిడ్డా?"

"ఎవరూ లేరు!" శైలేష్ అరిచిన అరుపుకి హాలంతా ఉలిక్కిపడింది. "చెప్తున్న గద... ఎవరూ లేరు!"

మూలన పడుకున్న కోమల్ లేచి కూర్చుంది. కళ్ళు నులుముకుంటూ తలుపు వైపు చూసింది.

"ఎవరు లేరంటున్నవ్, పప్పా?"