మామ వదిలేసిన తెల్లచోటు

1964 చలికాలం. ఎడారి మధ్య ఫింకే నదిలో నీళ్లు లేవు, ఇసుకే. ఒడ్డున రేకుల గుడిసె ముందు లూకాస్ కూర్చున్నాడు. ఒళ్లో మేనమామ వేసిన ఆఖరి బొమ్మ.

మామ పోయి ఏడాది దాటింది. నీటిరంగుల్లో ఊదా కొండలు, తెల్లబోదెల చెట్లు. ఇంట్లో మిగిలింది ఆ బొమ్మ ఒక్కటే. సెల్మా అత్త రోజూ దాన్ని ముందేసుకుని, "ఇదిగో, ఈ రాయి పక్కనే మీ మామ నాకు ఉడుమును కాల్చిపెట్టి, సగం తనే తినేశాడు," అని నవ్వుకునేది. కొండ నడుమ కొంత చోటు మాత్రం మామ రంగు పెట్టకుండా వదిలేశాడు. అక్కడున్నది తమ పెద్దల పవిత్రస్థలం, పైవాళ్ల కంట పడకూడదు. ఆ సంగతి లూకాస్‌కూ తెలుసు.

కానీ పొద్దున పట్నం నుంచి వచ్చిన వ్యాపారి, "సగంలో ఆపేశాడే, చేతకాలేదా?" అన్నాడు. లూకాస్‌కు తల కొట్టేసినట్టయింది. అత్త చర్చికి పాటకు వెళ్లగానే మామ కుంచె తీశాడు. ఆ చోటు నింపేశాడు.

రంగు ఆరలేదు. ఆ ఎండుగాలికి క్షణాల్లో ఆరాల్సింది, పొద్దు వాలుతున్నా తడిగానే ఉంది. ఎక్కడినుంచో మామ నమిలే పొగాకు వాసన... వెనక, నీళ్ల డబ్బా అంచున కుంచె తట్టిన చప్పుడు. టక్... టక్...

తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

అత్త వచ్చింది. బొమ్మ చూసింది.

"ఏం చేశావురా?"

"కాస్త... సర్దానత్తా."

"ఓహో! మామకు చేతకానిది సర్దావా? సిగ్గులేదురా..." అంటూనే ఆగిపోయింది. ఆమె చూపు ఇసుక మీద ఉంది. ముఖం చూసినట్టే అడుగు చూసి మనిషిని పోల్చే ఆదివాసీ జనం వాళ్లు. ఇసుకలో అడుగుల జాడలు, ఎడమదానికి చిటికెనవేలు లేదు. మామ అడుగులు.

"ఎవరొచ్చారిక్కడికి?" గొణిగింది.

"నేనొక్కణ్ణే..."

"లే. నడువు."

నడిచాడు. ఇసుక చల్లగా ఉంది. ఆగాడు. తన పాదాలు చూసుకున్నాడు. అయిదేసి వేళ్లూ ఉన్నాయి. వెనక్కి తిరిగాడు...

ఎడమ అడుగులో నాలుగే.

అత్త కొమ్మ విరిచింది. అతని ముఖం చూడకుండా, పోయినవాళ్ల జాడ చెరిపినట్టు, అడుగులు ఊడ్చడం మొదలుపెట్టింది.

"అత్తా..."

ఆమె ఊడుస్తూనే ఉంది.

పోయినవాళ్ల పేరు అక్కడ నోట రానివ్వరు. ఆ సాయంత్రం నుంచి లూకాస్‌ను పేరు పెట్టి ఎవరూ పిలవలేదు.