గొట్టంలో కుక్కిన గుడ్డ

పాత వాయిద్యం కంటపడితే చాలు, ఈ మెకానిక్‌కి ఒళ్ళు తెలీదు. ఈసారి కొనుక్కొచ్చింది వైబ్రాఫోన్. స్వింగు సంగీతంతో డాన్సు హాళ్ళు దద్దరిల్లిన రోజులది. వరసగా లోహపు పలకలు, ఒక్కో పలక కింద ఒక్కో గొట్టం, గొట్టం మూతి దగ్గర తిరిగే చిన్న బిళ్ళ.

"మళ్ళీ పాత సామానేనా?" లోపలి గదిలోంచి భార్య ఆయాసపడుతూనే అడిగింది. ఆర్నెల్లుగా మంచం దిగలేదు గానీ వేళాకోళం మాత్రం మానలేదు.

"నీకే వాయించి వినిపిస్తాలే" అన్నాడు.

అమ్మిన ముసలాయన ఒకటే మాట చెప్పి పంపాడు. "చివరి గొట్టంలో గుడ్డ కుక్కాను. అది మాత్రం తీయకు బాబూ."

తీయకుండా ఎలా ఉంటాడు? దుమ్ము దులపందే ఏ వాయిద్యాన్నీ మోగించని మనిషి. సాయంత్రం, బయట వాన పడుతుండగా, గుడ్డ లాగేశాడు. గుప్పున మందుల వాసన... ఎవరో చాలాకాలం పడుకున్న పక్క వాసన.

పలకల మోతను అణిచే ఫెల్టు పట్టీ దిగేలా పెడలు తొక్కి, చివరి పలకను మెల్లగా కొట్టాడు. మోత సాగింది. కింద బిళ్ళ తిరగసాగింది. బిళ్ళల్ని తిప్పే మోటారు బెల్టు ఇంకా తగిలించలేదు, బల్ల మీదే ఉంది. పైగా బిళ్ళలన్నీ ఒకే ఊచకు బిగించినవి, తిరిగితే అన్నీ తిరగాలి. ఇది ఒక్కటే తిరుగుతోంది...

మోత పొంగుతోంది, తగ్గుతోంది. లోపల భార్య ఊపిరి కూడా అలాగే పొంగుతోంది, తగ్గుతోంది.

చటుక్కున పెడలు మీంచి కాలు తీసేశాడు. ఫెల్టు పట్టీ పలకను తాకింది. మోత తెగింది.

లోపల ఊపిరీ తెగింది.

మళ్ళీ తొక్కాడు, కొట్టాడు. "హా..." అంటూ ఆమెకు ఊపిరి అందింది. గుడ్డ తిరిగి కుక్కబోతే గొంతు పూడుకుపోయినట్టు గిలగిల్లాడింది. లాగేశాడు. కొట్టాడు. మళ్ళీ కొట్టాడు.

ఒంటిచేత్తోనే ముసలాయనకు ఫోను చేశాడు.

"తీసేశావా..." అన్నాడు ముసలాయన. "మా అబ్బాయి కోసం నాలుగు రోజులు కొట్టాను బాబూ. ఒక్కసారి కునుకు పట్టింది. ఆ తరవాతే గుడ్డ కుక్కాను."

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"కొడుతూ ఉండు."

భుజాలు పీకుతున్నాయి. ఆమె లేని ఇంట్లో తను ఉండలేడు, అంతే. మోత సన్నబడినప్పుడల్లా కొడుతూనే ఉన్నాడు.

"ఏమండీ..." లోపలినుంచి గుసగుసగా పిలిచింది. "ఇంక చాలు. వచ్చి పడుకోండి."

ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కొట్టాడు.

అప్పుడు పక్క గొట్టంలో బిళ్ళ కదిలింది. దాని పలకను ఎవరూ ముట్టుకోలేదు. భయంతో ఊపిరి బిగబట్టాడు.

ఆ బిళ్ళ కూడా ఆగిపోయింది.