ఛాయ చివరి దరువు

యూనివర్సిటీలో, సీతాఫల్‌మండి వైపు గోడని ఆనుకుని తాళం పడిన పాత నాటకశాల ఒకటుండేది. చీకటి పడితే అందులో గజ్జెలు మోగుతాయని పేరు. పోలీసు లాఠీలకు బెదరని హాస్టల్ పిల్లలు కూడా ఆ దారి మాత్రం తొక్కేవారు కాదు.

ఇది మా కింది వాటాలో ఉండే అచ్యుతరామయ్యగారు చెప్పిన సంగతి. ఆయనకు నృత్యనాటికల పిచ్చి. ఎవరూ ఆడనివైతే మరీను! సూర్యుడి భార్య తనకు బదులుగా ఇంట్లో వదిలివెళ్లిన నీడ కథ ఒకటి, 'ఛాయా వియోగం' అని, నలభై ఏళ్ల కిందట మొత్తం ఎనిమిదిసార్లే ఆడిందట. ఎనిమిదిసార్లూ ఈయన ముందు వరసే. ఛాయ వేషం కట్టింది భూదేవి అనే నర్తకి. ఆమె మాటెత్తితే మా ఇంట్లో కాఫీలు చల్లారిపోయేవి. "చివరి దరువు పాటకి ఆవిడ ఆడుతుంటే సభంతా ఏడ్చేదయ్యా" అనేవారు. ఆమె పోయి ఇరవై ఏళ్లయిందనేవారు.

తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజులు. ఆవేళ బంద్, బస్సుల్లేవు. ఆయన సీతాఫల్‌మండిలో రైలు దిగి, క్యాంపస్‌లోంచి అడ్డంగా తార్నాకకు నడిచొస్తున్నారు. గేటు దగ్గర కాపలా ఉన్న శ్రావణ్ అనే విద్యార్థి ఆపాడు.

"గటు వోకుండ్రి సార్... గాడ గజ్జెలు మోగుతయ్."

"నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు బాబూ."

"నాగ్గూడ లేదు సార్. గని ఇనవడ్తది."

గాలిలో ఇంకా బాష్పవాయువు ఘాటు. దీపాల్లేవు. నాటకశాల దాకా వచ్చేసరికి — వినిపించింది.

ఘల్... ఘల్... కాస్త ఆగి... ఘల్.

ఆ ఆగడం ఆయనకు తెలుసు! మూడో అడుగుకి ముందు రవంత తడబాటు — భూదేవి కుడి మోకాలి దెబ్బ. అలా ఇంకెవరూ ఆడరు.

చచ్చిపోయిన మనిషి అడుగులు వినిపిస్తే ఎవరైనా పరుగందుకుంటారు. ఈయన పక్క తలుపు తోసుకుని లోపలికి వెళ్లారు. అభిమానికి బుద్ధి ఎక్కడేడుస్తుంది!

వేదిక మీద ఒక్కటే కొవ్వొత్తి. తెల్లజుట్టు విరబోసుకున్న ముసలావిడ. నాలుగడుగులు వేస్తోంది... ఆగుతోంది... మళ్లీ మొదటికి వస్తోంది. ఆయన ముందుగా పాదాలే చూశారట — వెనక్కి తిరిగి ఉన్నాయేమోనని. లేవు.

"భూదేవిగారూ..."

ఆమె ఉలిక్కిపడింది. "ఎవలు?"

"ఛాయా వియోగం ఎనిమిదిసార్లు చూశానమ్మా. మీరు... పోయారని పేపర్లో..."

"పోయింది మా అక్క. పేపరోళ్లు నా ఫోటో ఏసిన్రు." దగ్గరికొచ్చి ఆయన చేతులు పట్టుకుంది. వెచ్చగానే ఉన్నాయి. "ఎన్మిదిసార్లా? నిజంగనా సార్?"

ఆయనకు ఏడుపొచ్చేసింది. ఔనన్నట్టు తలూపారు.

"చివరి దరువు మర్చిపోయిన సార్," అంది గుసగుసగా. "పాడేటాయన పోయిండు. రాసుకున్న బుక్కు పోయింది. ఈ స్టేజీ ఎక్కితే యాదికొస్తదేమోనని రోజు వస్తున్న. ఛాయ ఎనక్కి జరిగినంక... పాదం ఎటు పోతది? గదొక్కటి చెప్పుండ్రి. నేను పోయేలోపు ఎవలికన్న నేర్పుత."

ఆయన కళ్లు మూసుకున్నారు. ఆమె కళ్లు గుర్తొచ్చాయి. చెంప మీద జారిన కాటుక, వణికిన పెదవి, ముక్కుపుడక మెరుపుతో సహా అన్నీ వచ్చాయి... పాదం రాలేదు. ఎంత వెతుక్కున్నా రాలేదు.

"అమ్మా... నేను మీ ముఖమే చూశాను. ఎనిమిదిసార్లూ."

ఆమె కింద కూర్చుని నెమ్మదిగా గజ్జెలు విప్పింది.

"గట్లనా..." అని కొవ్వొత్తి ఊదేసింది.

ఆ రాత్రి నుంచి అక్కడ గజ్జెలు మోగలేదు. దెయ్యం పీడ వదిలిందని హాస్టల్ పిల్లలు ఇప్పుడు ఆ దారినే టీకి వెళ్తున్నారు. అచ్యుతరామయ్యగారు కూడా రోజూ చీకటి పడ్డాక వెళ్లి, ఆ గోడ పక్కన నిలబడి, చెవులు రిక్కించి వింటారు. ఏమీ వినపడదు.

"ఆ రోజు భయం వెయ్యలేదయ్యా," అంటారు. "ఇప్పుడేస్తోంది."